బాణం గుర్తు కదలనప్పుడు

మౌస్ ఆగిపోయిన మొదటి రెండు నిమిషాల్లో ఎవరైనా చేసే పనులు దాదాపు ఒకటే. దాన్ని బల్లకేసి రెండు తడతారు. సెల్లు బయటికి తీసి, అరచేతిలో రుద్ది, మళ్లీ వేస్తారు. రిసీవర్ పీకి పక్క పోర్టులో గుచ్చుతారు. అంతటితో ఆగక కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తారు. ఈ నాలుగింటిలో ఏదో ఒకటి ఫలించి బాణం గుర్తు కదులుతుంది. ఏది ఫలించిందో మాత్రం ఎవరికీ తెలియదు. అందుకే వారం తిరక్కముందే మౌస్ మళ్లీ మొరాయిస్తే, మళ్లీ బల్లకేసి తట్టడం దగ్గరే మొదలుపెడతారు.

అదీ కుదరకపోతే మన ఊళ్లలో ఇంకో మందు ఉంది: "ఫార్మాట్ కొట్టేద్దాం." ప్రింటర్ కదలకపోయినా, స్పీకర్లో శబ్దం రాకపోయినా, మౌస్ ఆగినా ఇదే మాట. విండోస్ రోజుల్లో పట్టుకున్న అలవాటు అది. లినక్స్‌కు మారినవాళ్లు కూడా ఆ అలవాటును వెంట తెచ్చుకున్నారు. ఒక మౌస్ కోసం సిస్టమ్ మొత్తం తుడిచేస్తే రెండు నష్టాలు. మొదటిది, దాచుకున్న ఫైళ్లు పోవచ్చు. రెండోది, తప్పు ఎక్కడుందో చెప్పే ఆనవాళ్లన్నీ దానితోపాటే పోతాయి. రేపు అదే తప్పు తిరిగొస్తే అడగడానికి సాక్షి కూడా ఉండదు.

మన వైపు లినక్స్ ఎవరు వాడతారని అడిగేవాళ్లుంటారు. మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ఆపేసింది. బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్న ల్యాప్‌టాప్‌లలో పాతవాటికి విండోస్ 11 ఎక్కదు; ఆ ప్రాసెసర్లను అది ఒప్పుకోదు. మెషీన్ మాత్రం గట్టిగానే ఉంటుంది. అలాంటిదానికి లినక్స్ మింటో, ఉబుంటునో వేసుకుంటే ఇంకొన్నేళ్లు పనిచేస్తుంది. కాలేజీ పిల్లలకు, చిన్న షాపులవాళ్లకు నేను చెప్పే సలహా ఇదే. డబ్బు ఖర్చు లేదు, దొంగ కాపీ వాడుతున్నామన్న బాధా లేదు. కాకపోతే ఏదైనా ఆగినప్పుడు పక్కింటి అబ్బాయికి తెలియదు, షాపులో కుర్రాడికీ తెలియదు. మన పని మనమే చూసుకోవాలి.

మౌస్ ఆగితే అందరికీ ఒకే నష్టం ఉండదు. ధర్మవరంలో చీరల డిజైన్లు వేసేవారిని తీసుకోండి. జాకార్డు మగ్గానికి ఎక్కే అట్టల్లో ఎక్కడ రంధ్రం పడాలో, ఎక్కడ పడకూడదో తెర మీది గళ్లలో ఒక్కొక్క గడినే నింపుకుంటూ పోవాలి. అంచులో ఒక గడి తప్పితే ఆ తప్పు చీర పొడవునా మళ్లీమళ్లీ వస్తుంది. శ్రావణమాసం ముందర, ఆర్డర్లు మీద పడి ఉన్నప్పుడు, బాణం గుర్తు ఒక గడి దాటి దూకిందంటే కలిగే చిరాకు మామూలుది కాదు. (కంప్యూటర్లకు తొలి రోజుల్లో మేత పెట్టిన చిల్లుల కార్డుల ఆలోచన 1804 నాటి జాకార్డు మగ్గానిదే. ఆ లెక్కన కంప్యూటరే మగ్గానికి అప్పున్నది.)

ఇక పద్ధతి. ధర్మవరంలో బయల్దేరి బెంగళూరు వైపు వెళ్లే బండి ప్రశాంతి నిలయం, పెనుకొండ దాటి హిందూపురం చేరుతుంది. హిందూపురం ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాడికి తెలిసేది బండి రాలేదన్న ఒక్క సంగతే. అది ధర్మవరంలోనే కదల్లేదా, పెనుకొండ దాటాక సిగ్నల్ దగ్గర నిలబడిందా అన్నది వెనక స్టేషన్లను అడిగితేనే తెలుస్తుంది. పెనుకొండ దాటిందని తెలిస్తే ధర్మవరం గురించి ఆలోచించే పనే లేదు. సగం దారి కొట్టేయవచ్చు. మౌస్ కదలిక కూడా ఇలాగే అయిదు చోట్ల దాటి రావాలి: మౌస్ లోపలి సెన్సార్, గాలిలో రేడియో, కంప్యూటర్‌కు గుచ్చిన రిసీవర్ లేదా బ్లూటూత్ చిప్, లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్, చివరికి తెర మీది డెస్క్‌టాప్. బాణం గుర్తు ఆఖరి స్టేషన్. అక్కడ నిలబడి తిట్టుకుంటే లాభం లేదు. లినక్స్‌లో ఉన్న సుఖం ఏమిటంటే, దారిలోని దాదాపు ప్రతి స్టేషనూ అడిగితే జవాబు చెబుతుంది.

అన్నిటికన్నా ముందు కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. లైటు వెలిగి ఆరుతుంటే కంప్యూటర్ బతికే ఉంది, సమస్య మౌస్ దారిలో ఉంది. లైటు కూడా మారకపోతే సిస్టమ్ మొత్తం బిగుసుకుపోయింది. అప్పుడు ఈ అధ్యాయంతో పనిలేదు. రెండు క్షణాల పరీక్ష ఇది, చేసేవాళ్లు మాత్రం తక్కువ.

మౌస్ లేకుండా తెర మీద తిరగడం ఎలా అన్నది తర్వాతి చిక్కు. ల్యాప్‌టాప్ అయితే టచ్‌ప్యాడ్ ఉంది. డెస్క్‌టాప్ అయితే కంట్రోల్, ఆల్ట్, టి మూడూ కలిపి నొక్కితే మింట్‌లో, ఉబుంటులో టెర్మినల్ తెరుచుకుంటుంది. అక్కడి నుంచి కీబోర్డు చాలు. ఆజ్ఞలను ఇక్కడ తెలుగు అక్షరాల్లో, పలికినట్టు రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాలే.

మౌస్‌ను తిరగేసి అడుగు చూడండి. వైర్‌లెస్ మౌస్‌లు రెండు రకాలు. ఒకదానికి గోరంత యూఎస్‌బీ రిసీవర్ వస్తుంది. ఇంకోదానికి అది లేదు. కంప్యూటర్‌లోని బ్లూటూత్‌తో నేరుగా మాట్లాడుతుంది. కొన్నింటికి రెండూ ఉండి, మారడానికి అడుగున మీట ఉంటుంది. సంచిలో పెట్టి పెనుకొండ నుంచి హిందూపురం దాకా బస్సులో తెచ్చిన మౌస్‌కు ఆ మీట రాపిడికి జరిగిపోయి ఉండటం నేను చాలాసార్లు చూశాను. ఏ రకమో తేల్చుకోకుండా వైద్యం మొదలుపెట్టవద్దు. రెండింటి జబ్బులూ వేరు.

మొదటి స్టేషన్, మౌస్. కొత్త సెల్లు వేయండి, పాత టార్చిలోంచి తీసినవి కాదు. సెల్లు పూర్తిగా చచ్చేముందు మౌస్ ఒక్కసారిగా ఆగదు; ముందు దూరం తగ్గుతుంది, తర్వాత తడబడుతుంది. రిసీవర్‌కు దగ్గరగా తెస్తే బాగా పనిచేసి, దూరం జరిపితే ఆగుతుంటే అనుమానం ముందు సెల్లు మీదికే పోవాలి. సెల్లు కూర్చునే చోట రేకు మీద తెల్లటి పొడి, పచ్చటి తుప్పు ఉంటే పొడిగుడ్డతో గట్టిగా తుడవాలి.

చీరల షాపుల్లో ఇంకో తమాషా ఉంది. బల్ల పైభాగం గాజు. మామూలు ఆప్టికల్ మౌస్ తన కిందున్న ఉపరితలాన్ని క్షణానికి వేలసార్లు ఫొటో తీసి, ఆ ఫొటోల మధ్య తేడాను బట్టి ఎటు కదిలిందో లెక్క కడుతుంది. నున్నటి గాజు మీద దానికి తేడా కనిపించదు. రిసీవర్ బాగుంది, సెల్లు బాగున్నాయి, క్లిక్ కూడా పడుతోంది, బాణం గుర్తు మాత్రం కదలదు. కింద ఒక అట్టముక్క పెడితే పని పూర్తవుతుంది. గాజు మీద కూడా నడిచే సెన్సార్లు లేకపోలేదు. లాజిటెక్ 2009లో డార్క్‌ఫీల్డ్ పేరుతో అలాంటివి తెచ్చింది. వాటి ధర మామూలు మౌస్‌కు కొన్ని రెట్లు. అట్టముక్కే నయం. అలాగే సెన్సార్ రంధ్రంలో ఒక పట్టు పోగో, వెంట్రుకో ఇరుక్కుంటే బాణం గుర్తు ఉన్నచోటే వణుకుతుంది. బాణం వణుకుతుంటే మొదట అక్కడ ఊదండి.

ఇప్పుడు అన్నిటికన్నా విలువైన పరీక్ష. మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంది కదా. ఓటీజీ అడాప్టర్‌తో రిసీవర్‌ను ఫోన్‌కు గుచ్చండి. మౌస్ కదిపితే ఫోన్ తెర మీద చిన్న బాణం వస్తుంది. బ్లూటూత్ మౌస్ అయితే ఫోన్‌తోనే జత చేసి చూడవచ్చు. ఫోన్‌లో నడిచిందా, మౌస్, గాలి, రిసీవర్ మూడూ నిర్దోషులు. తప్పు కంప్యూటర్ వైపు ఉంది. ఫోన్‌లోనూ నడవలేదా, లినక్స్‌ను తిట్టే హక్కు మీకు లేదు. ఆండ్రాయిడ్ అడుగున ఉన్నదీ లినక్స్ కెర్నలే కాబట్టి ఈ సాక్ష్యం ఇంకా గట్టిది.

తర్వాత రిసీవర్. టెర్మినల్‌లో ఎల్-ఎస్-యు-ఎస్-బి అన్న అయిదక్షరాలు కలిపి కొట్టి ఎంటర్ నొక్కండి. యూఎస్‌బీకి తగిలించిన పరికరాలన్నీ వరసగా కనిపిస్తాయి. రిసీవర్ పెట్టి ఒకసారి, తీసి ఒకసారి చూస్తే ఏ వరస దానిదో తెలిసిపోతుంది. ఇంకా బాగా చూడాలంటే సుడో అని కొట్టి, ఖాళీ వదిలి డి-ఎమ్-ఇ-ఎస్-జి, మళ్లీ ఖాళీ వదిలి అడ్డగీత, డబ్ల్యూ కొట్టండి. ఇది కెర్నల్ తనలో తాను మాట్లాడుకునే మాటలను అప్పటికప్పుడు చూపిస్తుంది. ఇప్పుడు రిసీవర్ గుచ్చితే నాలుగైదు వరసలు కొత్తగా పడాలి. ఏమీ పడలేదంటే పోర్టో, రిసీవరో పోయింది. అప్పుడు పోర్టు మార్చండి. మార్చేది పోర్టు ఒక్కటే, సెల్లు కాదు, మౌస్ కాదు. రెండు ఒకేసారి మార్చారంటే మళ్లీ మొదటి పేజీలోని మనిషి అయిపోతారు.

రిసీవర్ కనిపిస్తోంది, మౌస్ మాత్రం కదలడం లేదనుకుందాం. అది ఈ మౌస్ రిసీవరేనా? ఒకేలాంటి మౌస్‌లు మూడు నాలుగున్న షాపులో, ల్యాబ్‌లో ఇది రోజూ జరిగేదే. చవక మౌస్‌లకు రిసీవర్ ఫ్యాక్టరీలోనే జతపడి వస్తుంది. పక్క మౌస్ రిసీవర్ చూడటానికి అదే అయినా దీనితో మాట్లాడదు. లాజిటెక్ యూనిఫైయింగ్ రకం వేరు. ఆ రిసీవర్ మీద ఆరెంజ్ రంగు గుర్తు ఉంటుంది, ఒక్కదానికి ఆరు పరికరాల దాకా జత చేయవచ్చు. జత చేసే సాఫ్ట్‌వేర్‌ను లాజిటెక్ లినక్స్‌కు ఇవ్వలేదు. ఆ పనికి సోలార్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉంది. ఎండతో నడిచే సోలార్ కాదు, పేరు మాత్రమే అది. మింట్ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే దొరుకుతుంది. ఏ రిసీవర్‌కు ఏది జతైందో చెబుతుంది, చాలా మోడళ్లలో సెల్లు ఎంత మిగిలాయో కూడా చూపిస్తుంది. వేసిన వెంటనే రిసీవర్ కనిపించకపోతే దాన్ని ఒకసారి తీసి పెట్టండి.

గాలి అనే స్టేషన్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే జనం ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. మౌస్ రిసీవర్, బ్లూటూత్, పాతరకం వైఫై మూడూ 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనే మాట్లాడతాయి. వాటి మధ్య తొక్కిసలాట అందరూ ఊహించేదే. ఎవరూ ఊహించని దొంగ ఇంకొకడున్నాడు: యూఎస్‌బీ 3.0. ఈ వేగవంతమైన పోర్టులు, వాటి కేబుళ్లు, వాటికి తగిలించిన హార్డ్ డిస్కులు పని చేస్తున్నప్పుడు సరిగ్గా అదే 2.4 ప్రాంతంలో రేడియో రొద వెదజల్లుతాయని ఇంటెల్ 2012లోనే ఒక పత్రం ప్రచురించింది. రిసీవర్ ఆ హార్డ్ డిస్కు పక్క పోర్టులోనే ఉంటే మౌస్ మాట దానికి వినపడదు.

దీని లక్షణం చాలా స్పష్టంగా ఉంటుంది. బయటి హార్డ్ డిస్కులోకి డిజైన్ ఫైళ్లు కాపీ అవుతున్నంతసేపూ బాణం గుర్తు ఆగి ఆగి గెంతుతుంది. కాపీ అయిపోగానే మామూలైపోతుంది. చూసినవాడు కంప్యూటర్ స్లో అయిందనుకుంటాడు, ర్యామ్ పెంచుకుంటాడు. లోపల నీలం రంగున్న పోర్టు సాధారణంగా 3.0, నల్లది 2.0. రిసీవర్‌ను నల్ల పోర్టుకు మార్చండి. అదీ పక్కపక్కనే ఉంటే ఒక చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని రిసీవర్‌ను జానెడో, మూరెడో ఇవతలికి తెచ్చి బల్ల మీద పెట్టండి. వందా నూటయాభై రూపాయల కేబుల్‌తో తీరే జబ్బు అది. సీపీయూ డబ్బా ఇనుప బల్ల కింద ఉండి, రిసీవర్ దాని వెనక ఉన్నా ఇదే మందు. ఇంట్లో రూటర్‌కు 5 గిగాహెర్ట్జ్ సౌకర్యం ఉంటే ల్యాప్‌టాప్‌ను దానికి మార్చండి, 2.4లో కొంత చోటు ఖాళీ అవుతుంది.

బ్లూటూత్ మౌస్ కథ ఇంకా పొడుగు. మొదట అది మూసేసి ఉందేమో చూడాలి. ఆర్-ఎఫ్ అక్షరాలకు కిల్ అన్న మాట కలిపి, ఖాళీ వదిలి లిస్ట్ అని కొడితే బ్లూటూత్‌కు తాళం ఉందో లేదో చెబుతుంది. సాఫ్ట్ బ్లాక్ అంటే సాఫ్ట్‌వేర్ వేసిన తాళం. లిస్ట్‌కు బదులు అన్‌బ్లాక్ బ్లూటూత్ అంటే తీస్తుంది. హార్డ్ బ్లాక్ అంటే ల్యాప్‌టాప్ పక్కనో, కీబోర్డు మీదో ఒక మీట మూసి ఉందని. దాన్ని ఏ ఆజ్ఞా తెరవలేదు, వేలితోనే తెరవాలి.

తాళం లేకపోతే, బ్లూటూత్ అన్న మాటకు సి-టి-ఎల్ కలిపి కొట్టండి. దాని లోపల స్కాన్ ఆన్ అంటే చుట్టుపక్కల పరికరాల పేర్లు, వాటి చిరునామాలు పడతాయి. మౌస్ అడుగు బటన్‌ను లైటు వేగంగా మిణుకుమనే దాకా పట్టుకోవాలి, లేకపోతే అది జాబితాలోకి రాదు. పేరు కనిపించాక పెయిర్, ట్రస్ట్, కనెక్ట్ అనే మూడు మాటలు, ఒక్కోదాని తర్వాత ఆ చిరునామా. రెండోదే అందరూ మరిచేది. ట్రస్ట్ చెప్పకపోతే ఈ పూట నడుస్తుంది, రేపు పొద్దున కంప్యూటర్ తెరిచేసరికి మళ్లీ జత చేయమంటుంది. "రోజూ పొద్దున్నే మౌస్ పోతుంది" అని వచ్చే ఫిర్యాదు వెనక తరచూ ఉండేది ఇదే.

ఇంకో ఫిర్యాదు: "విండోస్‌లో వాడితే లినక్స్‌లో పోతుంది, లినక్స్‌లో జత చేస్తే విండోస్‌లో పోతుంది." ఒకే ల్యాప్‌టాప్‌లో రెండూ పెట్టుకున్నవాళ్లది ఈ బాధ. జత చేసినప్పుడు మౌస్, కంప్యూటర్ ఒక రహస్య తాళంచెవిని పంచుకుంటాయి. రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లకూ బ్లూటూత్ చిప్ ఒకటే, చిరునామా ఒకటే కాబట్టి మౌస్‌కు అది ఒక్క కంప్యూటరే. లినక్స్‌తో కొత్త తాళంచెవి ఒప్పుకోగానే విండోస్‌తో ఒప్పుకున్నదాన్ని పారేస్తుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. విండోస్‌లోని తాళంచెవిని లినక్స్‌లోకి నకలు చేసే ఉపాయం ఉంది కానీ కొత్తవాళ్లకు చెప్పను. ఒకటి, రెండు, మూడు అని చానళ్లున్న మౌస్ అయితే ఒక చానల్ విండోస్‌కు, ఇంకోటి లినక్స్‌కు ఇవ్వండి. లేదా రిసీవర్ మౌస్ వాడండి. దాని జత రిసీవర్ లోపలే ఉంటుంది గనుక పైన ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నా దానికి పట్టదు.

అప్‌డేట్ చేశాక ఆగిపోయిందంటారు కొందరు. అది కూడా ఉత్తమాట కాకపోవచ్చు. మార్క్ న్యూలిన్ అనే భద్రతా పరిశోధకుడు 2016లో మౌస్‌జాక్ అనే లోపాన్ని బయటపెట్టాడు. పలు కంపెనీల వైర్‌లెస్ రిసీవర్లకు దూరంగా ఉన్న అపరిచితుడు తప్పుడు కీస్ట్రోక్‌లు పంపగలడని చూపించాడు. 2023 డిసెంబర్‌లో అదే మనిషి బ్లూటూత్‌లో అలాంటి లోపమే చూపించాడు. లినక్స్ బ్లూటూత్ వ్యవస్థ అయిన బ్లూజెడ్ ఆ దారి మూసేసింది. దాంతో, సరైన జత లేకుండానే అప్పటిదాకా నెట్టుకొచ్చిన కొన్ని పాత పరికరాలు అప్‌డేట్ తర్వాత బయటే ఉండిపోయాయి. అప్‌డేట్‌ను వెనక్కి తిప్పకండి. రిమూవ్ అన్న మాటతో పాత జతను తీసేసి మొదటి నుంచీ జత చేయండి. రిసీవర్ల విషయానికొస్తే, 2016 లోపానికి లాజిటెక్ ఇచ్చిన కొత్త ఫర్మ్‌వేర్‌ను లినక్స్‌లోనే వేసుకోవచ్చు. ఎఫ్-డబ్ల్యు-యు-పి-డి అనే సాధనం ఆ పని చేస్తుంది.

బ్లూటూత్ లేని డెస్క్‌టాప్‌కు చవక బ్లూటూత్ డాంగిల్ కొన్నవాళ్లకు ఒక మాట. ఎల్-ఎస్-యు-ఎస్-బి జాబితాలో దాని పేరు కేంబ్రిడ్జ్ సిలికాన్ రేడియో అని వస్తే సంతోషపడకండి. ఆ పేరుతో నకిలీ చిప్‌లు ఎంత ఎక్కువయ్యాయంటే, వాటిని గుర్తుపట్టి సర్దుకుపోవడానికి కెర్నల్‌లో ప్రత్యేకంగా కోడ్ రాయాల్సి వచ్చింది. సర్దుకున్నా కొన్ని నడుస్తాయి, కొన్ని నడవవు. వాటితో కుస్తీ పట్టడంలో పుణ్యం లేదు.

కాసేపు చేయి తీసి మళ్లీ కదిపితే మౌస్ ఒక క్షణం ఆలస్యంగా లేస్తోందా? కొద్ది నిమిషాలు ఊరికే ఉన్న మౌస్ తనంతట తానే నిద్రపోవడం మామూలే, ఒక క్లిక్‌తో లేస్తుంది. కానీ కొన్ని క్షణాలకే నిద్రపోతుంటే కంప్యూటర్ పొదుపు మీద అనుమానపడాలి. బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందని ఎవరో చెబితే పవర్‌టాప్ అనే సాఫ్ట్‌వేర్ వేసి, దాని ఆటో ట్యూన్ నొక్కినవాళ్లకు ఇది తప్పదు; అది యూఎస్‌బీ పోర్టులన్నింటినీ నిద్రపుచ్చుతుంది, మౌస్ రిసీవర్‌ను కూడా. పవర్‌టాప్ తెరిచి ట్యూనబుల్స్ పేజీలో రిసీవర్ పేరు దగ్గర ఎంటర్ నొక్కితే గుడ్ అని ఉన్నది బ్యాడ్ అవుతుంది. దాని లెక్కలో బ్యాడ్, మన మౌస్‌కు గుడ్. ఈ మార్పు రీస్టార్ట్‌తో పోతుంది కాబట్టి, బూట్ కాగానే ఆటో ట్యూన్ నడిచేలా పెట్టుకున్నవాళ్లు ముందు దాన్ని తీసేయాలి.

ఇక ఆఖరి స్టేషన్‌కు ముందున్నదాన్ని అడుగుదాం. సుడో క్యాట్ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ డెవ్ స్లాష్ ఇన్‌పుట్ స్లాష్ మైస్ అని రాసి ఎంటర్ నొక్కండి. టచ్‌ప్యాడ్ ముట్టుకోకుండా మౌస్ మాత్రం కదపండి. తెర నిండా అర్థంలేని పిచ్చి గుర్తులు పడితే సంతోషించండి: మౌస్ కదలిక కెర్నల్ దాకా క్షేమంగా చేరింది. కంట్రోల్, సి నొక్కితే ఆగుతుంది. తర్వాత టెర్మినల్‌లో అక్షరాలు చెదిరినట్టుంటే రీసెట్ అని కొట్టండి. పిచ్చి గుర్తులు పడుతున్నా బాణం కదలడం లేదంటే దోషం డెస్క్‌టాప్‌ది. లాగౌట్ అయి మళ్లీ రండి. లాగిన్ తెర మీద వేలాండ్, ఎక్స్11 అని రెండు సెషన్లుంటే రెండోది ప్రయత్నించండి. టీవీయో ప్రొజెక్టరో తగిలించి ఉంటే, బాణం గుర్తు ఆ తెర మీదికి పోయి అక్కడ తిరుగుతోందేమో కూడా చూడండి. నవ్వొచ్చినా, జరిగేదే.

ఇంత చేసినా తేలకపోతే ఎవరినైనా అడగాలి. అడగడం కూడా నేర్చుకోవాల్సిన పనే. మన దగ్గర ఫోన్‌లో సాయం అడిగే తీరు ఇలా ఉంటుంది:

"అన్నా, మౌస్ పంజేయలేదన్నా."

"ఏమప్పా, ఏం జేసినావు?"

"ఏం జేయలేదన్నా. అదే ఆగిపోయింది."

"ఏ మౌసు? రిసీవర్‌దా, బ్లూటూతా?"

"మామూలు మౌసే అన్నా."

అటుపక్కనున్న మనిషికి ఎంత ఓపికున్నా ఈ మాటల్లోంచి ఏమీ పట్టుకోలేడు. అదే సంగతిని ఇలా చెప్పి చూడండి: "అన్నా, మింట్ 22, రిసీవర్ మౌస్. ఫోన్‌కు పెడితే నడుస్తాంది. లినక్స్‌లో ఎల్-ఎస్-యు-ఎస్-బిలో కనబడతాంది. పిచ్చి గుర్తులు మాత్రం పడలేదు. నిన్న రాత్రి అప్‌డేట్ చేసినా, అంతకుముందు బాగుండె." అయిదు వాక్యాల్లో మూడు స్టేషన్లు దాటేశాడు. జవాబు చెప్పేవాడు మిగిలిన దారి మీదే మనసు పెట్టగలడు. రాసి అడిగేటప్పుడు కెర్నల్ చెప్పిన వరసలను ఫొటో తీయడం కన్నా అక్షరాలుగా కాపీ చేసి పెట్టడం మేలు; వాళ్లు అందులో వెతుక్కోగలరు. మీ డెస్క్‌టాప్ తెలుగులో ఉంటే, హెచ్చరిక తాలూకు ఇంగ్లిష్ రూపం కూడా ఇవ్వండి. తెలుగులో లినక్స్ ఉండటం ఊరికే జరగలేదు; హైదరాబాద్‌లోని స్వేచ్ఛ లాంటి సంస్థల్లో స్వచ్ఛంద కార్యకర్తలు మెనూలను కూర్చుని అనువదించారు. వాళ్లలాంటివాళ్లే మీ ప్రశ్నకు జీతం లేకుండా జవాబిస్తున్నారని గుర్తుంటే, గొంతులో దబాయింపు దానంతట అదే తగ్గుతుంది.

కోపం గురించి ఈ పుస్తకంలో ముందే చాలా రాశాను. ఇక్కడ ఒక్క సంగతే. మౌస్ ఆగినప్పుడు వచ్చే కోపం మౌస్ మీద కాదు, ఆగిపోయిన పని మీద. కాబట్టి పనిని ముందు కాపాడుకోండి: కంట్రోల్, ఎస్ నొక్కి ఫైల్ సేవ్ చేయండి. దానికి మౌస్ అక్కర్లేదు. డ్రాయర్లో ఒక వైరు మౌస్ పెట్టుకోండి, రెండు మూడు వందలకు వస్తుంది. దాన్ని తగిలించి పని పూర్తి చేసి, వైర్‌లెస్ సంగతి సాయంత్రం తీరిగ్గా చూడండి. ఆ వైరు మౌసే మంచి సాక్షి కూడా: అది నడిచిందంటే డెస్క్‌టాప్, కెర్నల్ బాగున్నట్టే.

కొత్త సెల్లు వేసి, ఫోన్‌కు పెట్టి, వేరే కంప్యూటర్‌కూ పెట్టి చూసినా కదలని మౌస్ చచ్చిపోయినట్టే. కొత్తది కొనేటప్పుడు షాపుకు మీ ల్యాప్‌టాప్ తీసుకెళ్లి, డబ్బిచ్చేముందే తగిలించి చూడండి. రిసీవర్, బ్లూటూత్ రెండూ ఉన్నదైతే మేలు. అడుగున రిసీవర్ దాచుకునే గూడు ఉందో లేదో చూడండి. మీ షాపులో అదే మోడల్ మౌస్‌లు ఇంకా ఉంటే, డబ్బా విప్పిన రోజే మౌస్ అడుగున, రిసీవర్ వెనక ఒకే రంగు నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టండి. ఒక్కో జతకు ఒక్కో రంగు.